లెక్కల మాస్టారి పక్షపాతం

ఆయన పోయిన సంగతి నాకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. మా తాడేపల్లిగూడెం స్టేషన్లో కొట్టుకి వచ్చిన సరుకు దించుకుంటూ ఉంటే, ఏలూరు నుంచి వచ్చిన రైల్లోంచి నాతో చదువుకున్నవాడొకడు దిగి, "మన లెక్కల మాస్టారు వెళ్లిపోయారు, తెలుసా?" అన్నాడు. నేను బస్తా కింద పెట్టి నిలబడితే, "మంచివారే పాపం. కాస్త పక్షపాతం మనిషి గాని" అని, సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

పోయినవాళ్ల గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు. కనుక వాడన్న మాటతోనే మొదలుపెడతాను. పక్షపాతం మాట నిజమే. దాన్ని మొదట చెప్పింది కూడా ఆయనే.

ఏలూరులో మా హైస్కూల్లో ఆయన మీద రెండు రకాల ఫిర్యాదులు ఉండేవి. ఆయన బ్రాహ్మలు. బ్రాహ్మల పిల్లల తండ్రులు వచ్చి, మీరు మనవాళ్లను కావాలని తొక్కేస్తున్నారనేవారు. మిగతా తండ్రులు వచ్చి, మీ వాళ్లకే మార్కులు వేసుకుంటున్నారనేవారు. ఆయన ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, "ఇద్దరూ నిజమే చెబుతున్నారండీ. నాకు పక్షపాతం ఉంది. ఎటువైపో నాకింకా తేలలేదు. తేలగానే కబురు చేస్తాను" అనేవారు. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కలిసే మెట్లు దిగేవారు.

ఆయన పిల్లలందరినీ మీరు అనేవారు. ఆ రోజుల్లో అది వింత. మిగతా మాస్టర్లు ఒకణ్ణి ఏమయ్యా అని, ఒకణ్ణి ఏరా అని, ఒకణ్ణి ఒరే అని, కొందర్ని అసలు పిలవకుండానే నెట్టుకొచ్చేవారు. ఎందుకిలా అందరినీ అండీ అంటారని హెడ్మాస్టరు అడిగితే, "ఎవరిని మీరనాలో, ఎవరిని ఒరే అనాలో తేల్చుకోవాలంటే ముందు కులం అడగాలి కదండీ. అంత ఓపిక లేదు నాకు" అన్నారట. భార్యను కూడా మీరనేవారు. వీధి వీధంతా నవ్వేది. ఒకసారి కాలవ గట్టు మీద దారికి అడ్డంగా పడుకున్న గేదెతో, "ఏవండీ, కాస్త లేస్తారా" అనడం నేను స్వయంగా విన్నాను. అది లేవలేదు. ఆయన పక్కనుంచి గడ్డిలోకి దిగి వెళ్లారు.

అసలు వింత పరీక్ష కాగితాల దగ్గర ఉండేది. కాగితం పైన మూల మేము పేరు రాయాలి. రాశాక ఆ మూలను ఆయన మడిచి, సూదితో, తెల్లదారంతో కుట్టేసేవారు. నలభైమంది పిల్లలు, నలభై కుట్లు. వేళ్లకు సూది గుచ్చుకుని కాగితాల మీద అక్కడక్కడా నెత్తురు చుక్కలు పడేవి. జిగురు పెట్టొచ్చు కదండీ అని ఎవరో అడిగారు. "జిగురైతే ఆవిరి తగిలితే ఊడొస్తుందండీ. నా సంగతి నాకు తెలుసు" అన్నారు.

పేరు కుట్టేసినా చిక్కు వదల్లేదు. మా మేనమామ కొట్లోంచి తెచ్చుకునే నా కాగితాలకు ఇంగువ వాసన. కొల్లేటి లంక నుంచి వచ్చే పెద్దిరాజు కాగితాలు తడిసి ఆరి అలలు తేలి, నాచు వాసన వేసేవి. మూల కుట్టేసి లాభమేముంది, ముక్కు చెప్పేస్తోంది. అందుకని కాగితాలు దిద్దే ముందు ఆయన రెండు ముక్కుల నిండా నశ్యం దట్టించేవారు. ఊళ్లో అందరూ ఆయనకు నశ్యం అలవాటు ఉందనుకునేవారు. మిగతా రోజుల్లో డబ్బీ ముట్టుకోగా ఎవరూ చూడలేదు.

వాసన పోయినా చేతిరాత మిగిలింది. మా వాళ్ల రాత ఆమడ దూరం నుంచి గుర్తుపడతానండీ, మా నాన్నగారు నేర్పిన రాతే అందరిదీ, అనేవారు ఆయన. దానికీ ఉపాయం కనిపెట్టారు. తాను వాలుకుర్చీలో కళ్లు మూసుకుని పడుకునేవారు. ఆయన భార్య, మేమందరం పిన్నిగారు అనేవాళ్లం, చాటలో బియ్యం ఏరుతూ కాగితాలు పైకి చదివేది. ఆవిడకు అంకెలు వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు రావు. కనుక ఆ ఇంటి బీజగణితం వేరుగా ఉండేది. ఎక్స్ కత్తెర. వై పంగలకర్ర. వర్గమూలం గుర్తు చూరు.

"కత్తెర నెత్తిన రెండు, తీసివేత, పంగలకర్ర నెత్తిన రెండు. ఆ పైన చూరు దిగిందండీ. చూరు కింద నలభై తొమ్మిది."

"చూరు తీస్తే ఎంతొచ్చిందంటాడు?"

"ఏడంటున్నాడు."

"వేసుకోండి మూడు మార్కులు."

అరుగు మీద ఇదంతా వింటూ మేం నోళ్లు నొక్కుకుని నవ్వేవాళ్లం. ఆవిడ అప్పుడప్పుడూ తన అభిప్రాయం కూడా చేర్చేది. "వీడెవడో తిన్నగా వెళ్తున్నాడండీ. ఇందాకటివాడు ఊరంతా తిరిగి మళ్లీ మొదటికే వచ్చాడు."

ఇక నాకు, పెద్దిరాజుకు మధ్య వచ్చిన సంగతి.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన రెండేళ్లకు మేమిద్దరం ఎస్సెల్సీ రాశాం. లెక్కల్లో క్లాసుకి మేమిద్దరమే. ఒక నెల నేను ముందుంటే ఒక నెల వాడు. నేను మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. వాడిది కొల్లేటి మధ్య లంక. వాళ్ల నాన్న వలలు వేసేవాడు. సోమవారం పొద్దున్నే తాటిదోనెలో గట్టుదాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి ఏలూరు చేరేవాడు. వారమంతా కాలవ పక్కన బంధువుల పాకలో ఉండి, శనివారం వెళ్లిపోయేవాడు. వానాకాలం కొల్లేరు పొంగితే రెండేసి వారాలు కనిపించేవాడు కాదు. తిరిగొచ్చాక ఆ రెండు వారాల పాఠం నా నోట్సులోంచి ఎక్కించుకునేవాడు. ఎక్కించుకుంటూ నా తప్పులు దిద్దేవాడు. అది నాకు మండేది.

పక్క జిల్లాలో ఒక కాలేజీ ఉండేది. ఇంటర్మీడియట్లో లెక్కల గ్రూపుకి సీట్లు చాలా తక్కువ. మా బడి నుంచి ఏటా ఒక్కణ్ణి, లెక్కల మాస్టారు ఉత్తరం రాసిచ్చినవాణ్ణి, వాళ్లు తీసుకునేవారు. ఎస్సెల్సీ ఫలితాలు రాకముందే ఆ ఉత్తరం వెళ్లిపోవాలి. అది దక్కనివాడికి లెక్కల గ్రూపు దొరకడం దాదాపు కల్ల. నాకు లెక్కలు తప్ప ఇంకేమీ చదవాలని లేదు. పెద్దిరాజుకీ అంతే.

ఆ ఏడు ప్రిన్సిపాలు గారు మా బడికి ఒక ఉత్తరం రాశారు. మీ దగ్గర నుంచి ఇంతవరకు వచ్చినవాళ్లంతా ఒకే కులం వాళ్లు, దరఖాస్తులో కులం గడి చూస్తే ప్రతి ఏడూ అదే మాట కనిపిస్తోంది, ఈసారి ఆ సంగతి మనసులో పెట్టుకోగలరు అని. ఈ కబురు సాయంత్రానికి ఊరంతా పాకింది. మా మావయ్య సున్నుండల డబ్బా ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని మాస్టారింటికి బయల్దేరాడు.

"మార్కులు చూడాలి గాని కులమేమిటండీ మాస్టారూ? చదువుల తల్లి దగ్గర కులమా?" అన్నాడు మావయ్య.

"బాగా చెప్పారండీ. మీ కొట్లో గుమాస్తాలు ఎవరండీ?"

"మావాళ్లేనండీ. నమ్మకం ఉండాలి కదండీ మరి."

"ఆహా. మార్కులు చూశారా?"

మావయ్య కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "అదీగాక, మేమూ మీ కులం కాదు కదండీ. ఆ గడిలో వైశ్యుడని రాయండి. ప్రిన్సిపాలు గారికీ తృప్తి, మాకూ తృప్తి."

మాస్టారు ఒక సున్నుండ తిని, కళ్లు మూసుకుని ఆలోచించి, "చాలా బావుందండీ. కాని ఇది తిన్నప్పటి నుంచీ మీ మేనల్లుడి మీద అకారణంగా కోపం వస్తోంది. అదీ పక్షపాతమే. పట్టుకెళ్లండి" అని డబ్బా తిరిగిచ్చేశారు.

మర్నాడు బడి దగ్గర పెద్దిరాజు నాకోసం కాచుకుని ఉన్నాడు. "ఏరా ఇంగువా, మీ మావయ్య సున్నుండలు మోసుకెళ్లాడంట?"

"మీ నాన్న కొరమీను మోసుకెళ్లలేదూ?"

"బ్రాహ్మల ఇంటికి కొరమీనేంట్రా, నీ మొహం!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత చెరో బెంచీకి వెళ్లి కూర్చున్నాం.

మాస్టారు మా ఇద్దరికే ఒక పరీక్ష పెట్టారు. పది లెక్కలు, మూడు గంటలు. మూలలు కుట్టారు. నశ్యం దట్టించారు. పిన్నిగారు చదివింది. ఈసారి మమ్మల్ని అరుగు మీద కూర్చోనివ్వలేదు. మూడోనాడు ఇద్దరినీ ఇంటికి పిలిచారు. ఉత్తరం రాయడానికి కాగితం, కలం సిద్ధంగా ఉన్నాయి. ఆయన గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయేంతలో, తలుపు పక్కనుంచి పిన్నిగారు, "ఒక్క మాటండీ" అంది.

"చెప్పండి."

"ఒక కాగితంలో ఒకచోట ఆరు ఉంటే నేను ఎనిమిదని చదివానండీ."

మాస్టారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "ఎనిమిది ఉండాలని మీకెలా తెలిసింది?"

"ముందు చదివిన కాగితంలో ఎనిమిదే ఉంది కదండీ. ఇన్నేళ్లు చదువుతున్నాను. ఆ మాత్రం తెలీదా?"

"అలా ఎందుకు చదివారు?"

"వాడెవడో పాపం కాగితం దండగ చెయ్యకుండా రాశాడు. ముచ్చటేసింది."

"ఏవండీ, మీరు కూడానా!" అన్నారాయన. ఆ మాట అన్న తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నిష్పక్షపాతి చెయ్యి దాటిపోయినట్టు చూశారు. ఆవిడ చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పేపరు పొదుపు మా ఇద్దరిళ్లల్లోనూ ఉన్నదే. ఎవరి కాగితమో మాకు అంతు చిక్కలేదు.

కొంతసేపటికి మాస్టారు నావైపు తిరిగి, "మీరెందుకు వెళ్లాలో చెప్పండి" అన్నారు.

"నాకు మార్కులు ఎక్కువొస్తే నన్ను పంపండి. తక్కువొస్తే వద్దండీ" అన్నాను. చాలా గంభీరంగా చెప్పానని అప్పుడు నా నమ్మకం.

"మీరు చెప్పండి" అన్నారు పెద్దిరాజుతో.

వాడు గోడకేసి చూస్తూ అన్నాడు. "నాకూ లెక్కలంటే ఇష్టమేనండీ. ఇంకేం చెప్పమంటారు? అయినా అందరూ ఇప్పుడు కులం చూస్తారా, చూస్తారా అని గోల పెడుతున్నారు. ఇన్నాళ్లూ చూడకుండానే పంపారాండీ మీరు?"

"చూడలేదండీ. ఇదిగో, కుట్టాను కదా" అన్నారు మాస్టారు.

"మరి అందరూ మీవాళ్లే ఎలా వెళ్లారండీ?"

ఇంకొక మాస్టారైతే వాణ్ణి అక్కడే చావబాదేవారు. ఈయన వేళ్ల మీద లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి. పేర్లు చెప్పుకుంటున్నారని తెలుస్తోంది. రెండు చేతుల వేళ్లూ అయిపోయాక మళ్లీ బొటనవేలికి వచ్చి ఆగారు.

"పదకొండు మందండీ. పదకొండు మందినీ న్యాయంగానే ఎంచాను" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. ఆ తరువాత, "పరీక్ష రాసిన రోజున కుట్టాను. అంతకుముందు పదేళ్లు ఎవరు కుట్టారు?" అన్నారు. మమ్మల్ని వెళ్లమన్నారు.

ఆ రెండు కాగితాలూ ఆయన కుట్లు విప్పి, కళ్లు తెరుచుకుని, మళ్లీ దిద్దారు. మర్నాటి సాయంత్రం స్వయంగా మా మావయ్య ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"ఉత్తరం పెద్దిరాజు గారి పేర వెళ్లిందండీ. ఇది న్యాయమని మీతో అనను. అన్యాయమని కూడా అనలేను. నేను చేశాను. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి" అన్నారు.

మావయ్య నోటికొచ్చిందల్లా అన్నాడు. ఆయన అంతా విన్నారు. మధ్యలో మావయ్యకు ఒక మాట దొరక్క ఆగితే, ఆయనే అందించారు కూడా. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎవరికెన్ని మార్కులు వచ్చాయని అడగలేదు. వాడికి ఎక్కువ వచ్చాయేమోనని భయం. నాకు ఎక్కువ వచ్చాయేమోనని అంతకంటే భయం.

పెద్దిరాజు ఆ కాలేజీకి వెళ్లాడు. నేను రెండు మూడు చోట్ల దరఖాస్తు పెట్టి, చివరికి ఒకచోట చరిత్ర గ్రూపులో చేరాను. రాజులు, యుద్ధాలు చదివాను. చదువయ్యాక గూడెం వచ్చి కొట్లో కూర్చున్నాను. పుస్తకాలు చదవడం మానలేదు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు తెల్లకాగితం తీసుకుని ఏదో ఒక లెక్క చేసుకోవడమూ మానలేదు. పెద్దిరాజు బి.ఏ. చేసి అదే కాలేజీలో ట్యూటరయ్యాడు. లంక నుంచి ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లి తన గదిలో పెట్టుకుని చదివిస్తున్నాడని విన్నాను.

మాస్టారిని ఆఖరిసారి చూసింది రెండేళ్ల కిందట. పనిమీద ఏలూరు వెళ్లి, తిరుగు రైలుకి ఇంకా వ్యవధి ఉంటే, స్టేషనుకి వెళ్లే దారిలో వాళ్లింటి ముందు ఆగాను. ఆయన రిటైరయ్యారు. వాలుకుర్చీ అరుగు మీదికి వచ్చింది. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "రండి, కూర్చోండి" అన్నారు. కొట్టు సంగతులు అడిగారు. నేను మంచినీళ్లు తాగాను. ఇక లేవాలి. లేవకుండా, అయిదేళ్లుగా దాచుకున్నది అడిగేశాను.

"ఆ పరీక్షలో ఎవరికెక్కువ వచ్చాయండీ?"

"మీకేనండీ. రెండు మార్కులు" అన్నారు, టైమెంతయిందో చెప్పినంత మామూలుగా. "మీ పిన్నిగారు మార్చి చదివింది పెద్దిరాజు గారి కాగితం. ఆ ఎనిమిదితో ఆయన ఒక మార్కు ముందున్నారు. అది తీసేస్తే మీరు రెండు మార్కులు ముందు."

"మరి చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదు కదండీ" అన్నారు. ఆ జవాబు తనకే నచ్చనట్టు తల ఊపి, "కాదండీ, అది సాకు. చెబితే మీరు హెడ్మాస్టరు దగ్గరకెళ్లి దెబ్బలాడేవారు. గెలిచేవారు కూడా" అన్నారు.

"వాడికి తెలుసా?"

"ఉత్తరం రాసిన రోజే చెప్పానండీ. మీకు రెండు తక్కువ, అయినా మిమ్మల్నే పంపుతున్నాను అని."

"ఏమన్నాడు?"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారండీ అన్నారు. వెళ్లమంటానన్నాను. వెళ్లారు." ఆయన నవ్వారు. నాకు నవ్వు రాకూడదనుకున్నాను గాని వచ్చింది.

"ఆ రెండు మార్కులూ మీవేనండీ, కాదనను" అన్నారాయన. "మీ మావయ్యగారింట్లో, లాంతరు వెలుతురులో, వేళకి అన్నం తిని తెచ్చుకున్నారు. పెద్దిరాజు గారు దోనెలో కూర్చుని తెచ్చుకున్నవి మీకంటే రెండే తక్కువ. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎంతోసేపు చూశాను. ఏది పెద్దదో తేలలేదు. తేలనిచోట నేనొక జవాబు రాసేశాను. తప్పయి ఉండొచ్చు. అందుకే ఆయనకు చెప్పగలిగాను గాని మీకు చెప్పే ధైర్యం చాల్లేదు."

"నాకు చెప్పడానికి భయమేమిటండీ?"

"నేను కనిపిస్తే మీరు నమస్కారం పెడతారు. మానేస్తారేమోనని."

కోపం ఉంది. రెండు మార్కులకు ఎంత ఉండాలో అంతా ఉంది. స్టేషను వైపు నుంచి గంట వినిపించింది. లేచి నిలబడి, సంచీ భుజాన వేసుకుని, నమస్కారం పెట్టాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి నా చేతులకేసి చూశారు. "ఇది అలవాటుకొద్దీ పెట్టారా, ఆలోచించి పెట్టారా అండీ?"

"ఆలోచించాలండీ" అన్నాను.

"ఆలోచించండి. తొందరేం లేదు" అన్నారు.

రైలు అందుకున్నాను. ఆ తరువాత ఏలూరు మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను, దిగలేదు. ఆలోచించడం పూర్తయ్యాక దిగుదామనుకున్నాను. తొందరేం లేదన్న ఆయన మాటను నేను నమ్మాను.